వేగపు రైలుమార్గము - గ్రామము చెప్పవలసిన మాట

హైదరాబాదు, ముంబయి నగరముల మధ్య వేగపు రైలుమార్గము వేయు యోచన కొంతకాలముగా సాగుచున్నది. రైల్వే శాఖ 2020లో ఏడు హైస్పీడు మార్గములకు వివరమైన నివేదికలు తయారు చేయించుటకు పూనుకొన్నది. వానిలో ముంబయి - హైదరాబాదు మార్గము ఒకటి. పొడవు సుమారు 711 కిలోమీటర్లు. పూణే, పండరిపురము, షోలాపురము, కలబురగి, జహీరాబాదు దీనిపై ప్రతిపాదించిన స్టేషనులలోనివి. 2026-27 కేంద్ర బడ్జెటు ప్రసంగములో ప్రకటించిన ఏడు మార్గములలో ఇది ముంబయి - పూణే, పూణే - హైదరాబాదు అను రెండు భాగములుగా కనిపించినది. హైదరాబాదునుండి బెంగళూరునకు, చెన్నైకి మరి రెండు మార్గములును ఆ జాబితాలో చేరినవి. అనగా మన రాజధానికి మూడు దిక్కులనుండి గీతలు వచ్చి కలియుచున్నవి.

పంటల పత్రికలో రైలు సంగతి ఏల అని కొందరికి తోచవచ్చును. ఆ రైలెక్కువారు పట్టణములవారే కావచ్చును గాని, అది పరుగెత్తునది మన చేలమీదుగనే గదా! జహీరాబాదు ప్రాంతపు చెరకు, అల్లము, బంగాళదుంప మడులు, కలబురగి కందిచేలు, షోలాపురము దానిమ్మ తోటలు ఆ దారిలోనివే.

ఇట్టి రైలు మనకు అవసరమా, కాదా అని పట్టణములలో వాదములు జరుగుచున్నవి. ఆ వాదము జరుగవలసినదే. కాని గ్రామమునకు అంతకంటె దగ్గరి ప్రశ్న వేరొకటి కలదు. గీత ఇంకను కాగితముపై పెన్సిలుతో ఉన్నప్పుడే గ్రామము తన మాట చెప్పినదా, లేదా? గెజెట్టులో ప్రకటన వెలువడిన పిమ్మట మిగులునది ధరనుగూర్చిన బేరము మాత్రమే. దారి ఎటు పోవలెను, నీరు ఎటు పారవలెను, బండి ఎటు దాటవలెను అను మాటలకు అప్పటికి సమయము మించిపోవును.

ఇట్లు చెప్పుటకు కారణము ఆ రైలు స్వభావములోనే ఉన్నది. మన మామూలు రైలు కొండ వచ్చినచో పక్కకు తిరుగును, ఊరు వచ్చినచో ఒరసికొని పోవును. వేగపు రైలు అట్లు తిరుగలేదు. ముంబయి - అహమదాబాదు మార్గమును గంటకు 320 కిలోమీటర్ల వేగమునకు నిర్మించుచున్నారు. అట్టి వేగమునకు మలుపు అర్ధవ్యాసము ఆరు వేల మీటర్లకు తగ్గరాదు. ఒక బావిని తప్పించుటకు ఆ గీతను నూరు మీటర్లు పక్కకు జరుపవలెననుకొందము. లెక్క కట్టి చూచినచో, అందుకు ఒకటిన్నర కిలోమీటరు ముందునుండియే మలుపు మొదలిడవలెను. మలుపులోనికి మెల్లగా ప్రవేశించుటకు కావలసిన నిడివి కలిపినచో ఇంకను ఎక్కువ. అనగా మన ఊరి బావిని తప్పించు పని పక్క ఊరిలో మొదలగును. ప్రకటన వచ్చిన పిమ్మట ఒక రైతు ఒక సర్వే నంబరు కొరకు అర్జీ పెట్టుకొన్న, ఇంజనీరు మంచివాడైనను చేయగలిగినది అల్పము. నాలుగు గ్రామములు ముందుగా కలిసి చెప్పినచో సంగతి వేరు.

పట్టాలు కూడ వేరైనవే. మన రైలుపట్టాల మధ్య ఎడము 1,676 మిల్లీమీటర్లు. అహమదాబాదు మార్గములో వేయునది 1,435 మిల్లీమీటర్లు. 1874లో సికింద్రాబాదునుండి వాడికి వేసిన పాత దారిమీద ఇట్టి రైలు నడువదు. కనుక మొదటినుండి చివరివరకు కొత్త భూమి కావలసినదే.

ఎంత భూమి కావలెను? స్తంభములమీద ఎత్తుగా పోవు మార్గమునకు 17.5 మీటర్ల వెడల్పు పట్టీ చాలునని అహమదాబాదు మార్గము కట్టువారు చెప్పుదురు. ఆ లెక్కన కిలోమీటరుకు 1.75 హెక్టారులు, అనగా నాలుగెకరముల పదమూడు గుంటలు. స్టేషనులు, డిపోలు కలుపుకొని 508 కిలోమీటర్ల ఆ మార్గమునకు సేకరించిన భూమి సుమారు 1,390 హెక్టారులు. సగటున కిలోమీటరుకు ఆరెకరముల ముప్పది గుంటలు. ఒక పెద్ద జలాశయము క్రింద మునుగు భూమితో పోల్చిన ఇది స్వల్పమే. కాని జలాశయము ముంచినది ఒకచోట ముంచును. రైలు వందలాది గ్రామములలో చేలను రెండుగా చీల్చుకొని పోవును. మూడెకరముల కమతములో పదునేడున్నర మీటర్ల పట్టీ మధ్యగా పోయిన రైతునకు పోయినది పది పన్నెండు గుంటలే కావచ్చును. బోరు ఒకవైపు, చేను రెండవవైపు మిగిలినచో అతనికి పోయినది సాగు.

అందుచేత గ్రామము అడుగవలసిన మొదటి సంగతి, మార్గము స్తంభములమీద పోవునా, మట్టికట్టమీద పోవునా అన్నది. అహమదాబాదు మార్గములో 460 కిలోమీటర్లకు పైగా స్తంభముల వంతెనయే. ఖర్చెక్కువైనను పశువులు, బండ్లు, నీరు క్రిందుగా పోగలవు. మట్టికట్ట అట్లు కాదు. ఆరు మీటర్ల ఎత్తు కట్టకు, మీటరు ఎత్తునకు రెండు మీటర్ల వాలు చొప్పున చూచినచో, ఇరువైపుల వాలునకే ఇరువదినాలుగు మీటర్లు పోవును. పైన పట్టాల వెడల్పు వేరు. వేగపు రైలునకు లెవెల్ క్రాసింగు గేటు ఉండదు. కట్టకు ఇరువైపుల కంచె వేయుదురు. నాగలి భుజాన వేసికొని అడ్డముగా దాటుట కుదరదు. నల్లరేగడి నేలలు వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారును. వానిమీద మట్టికట్ట నిలుపుట ఇంజనీరులకును తేలిక పని కాదు. ఖర్చు తగ్గించుటకు మైదాన ప్రాంతములలో కట్ట పోయవలెనను ఆలోచన వచ్చినప్పుడు ఆ ఖర్చు రైతు లెక్కలోనికి మారునని చెప్పవలసినవారు గ్రామస్థులే.

నీటి సంగతి మరికొంత వివరముగా చెప్పవలసియున్నది. తెలంగాణములో చెరువులు గొలుసుకట్టుగా ఉండును. ఎగువ చెరువు మత్తడి దూకిన నీరు దిగువ చెరువులో పడును. ఈ గొలుసునకు అడ్డముగా కట్ట పోసినచో ఒకవైపు చేలు మునుగును, మరియొకవైపు ఆయకట్టు ఎండును. ఇది రైతు నష్టము మాత్రమే యని రైల్వేవారు అనుకొనరాదు. 2005 అక్టోబరు 29న నల్లగొండ జిల్లా వలిగొండవద్ద ఎగువ చెరువు తెగి వచ్చిన వరద చిన్న రైలువంతెనను కొట్టుకొనిపోగా, రేపల్లెనుండి వచ్చుచున్న డెల్టా ప్యాసింజరు అందులో పడి నూరుమందికి పైగా మరణించిరి. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాదు జిల్లాలో కేసముద్రము, ఇంటికన్నెల మధ్య వరదకు పట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయి, కాజీపేట - విజయవాడ మార్గమున రాకపోకలు కొన్ని దినములు నిలిచిపోయినవి. ఏ వాగు ఏ సంవత్సరము ఎంతవరకు పొంగినదో, ఏ చెరువు మత్తడి పూడియున్నదో ఊరిలో నీరటికాండ్రకు, పెద్ద రైతులకు తెలియును. ఆ తెలివి ఇంజనీరు కాగితములలోనికి ఎక్కుట ఊరివారికెంత మేలో, రైలులో కూర్చున్నవారికి అంత మేలు.

నేటి సర్వేలు ఆకాశమునుండి జరుగుచున్నవి. అహమదాబాదు మార్గమునకు విమానమునుండి లైడార్ అను కాంతికిరణముల సర్వే చేసిరి. నేల ఎత్తుపల్లములు, ఇండ్లు, చెట్లు అన్నియు అందులో చక్కగా వచ్చును. గొప్ప సాధనమే. కాని భూమిలో పాతిన పైపులైను ఎవరి బోరునుండి ఎవరి చేనికి పోవుచున్నదో దానికి కనబడదు. తాతలనాటినుండి పక్కవాని గట్టుమీదుగా సాగుచున్న బండ్ల బాట నక్షాలో లేకున్న అందులోను ఉండదు. పంటలేని నెలలో ఎగిరినచో పడావు పెట్టిన చేను, బీడు ఒక్కతీరుగనే కనిపించును. పట్టాదారు ఎవరో, కౌలుదారు ఎవరో ఏ కిరణమునకు తెలియును?

ముంబయి - అహమదాబాదు అనుభవమును మనవారు శ్రద్ధగా చూడవలెను. 2017 సెప్టెంబరు 14న సబర్మతివద్ద భారత, జపాను ప్రధానమంత్రులు దానికి శంకుస్థాపన చేసిరి. 2022 ఆగస్టు 15 నాటికి రైలు నడుపవలెనని ఆనాటి సంకల్పము. అంచనా వ్యయము ఒక లక్షా ఎనిమిది వేల కోట్ల రూపాయలు. అందులో 81 శాతము జపాను అప్పు, వడ్డీ నూటికి పది పైసలు, గడువు ఏబది సంవత్సరములు. డబ్బు ఇంత చవుకగా దొరికినను భూసేకరణ పూర్తియగుట 2024 జనవరికి గాని జరుగలేదు. పాల్ఘర్ జిల్లా సపోటా రైతులు, ఆదివాసి గ్రామసభలు అభ్యంతరములు తెలిపిరి. గుజరాతులో నూరుమందికి పైగా రైతులు హైకోర్టుకు పోయిరి. 2019 సెప్టెంబరులో న్యాయస్థానము వారి అర్జీలను కొట్టివేసినది. రైతులు దావా ఓడిరి, ప్రభుత్వము సంవత్సరములు ఓడినది. లాభపడినవారు ఎవరో నాకు తెలియుటలేదు.

అయితే అదే మార్గములో మరియొక సంగతియు జరిగినది. ఠాణే స్టేషను నమూనాను మార్చుటవలన కొట్టవలసిన మడచెట్ల సంఖ్య యాబది వేలకు పైనుండి చాలవరకు తగ్గినది. ఠాణే క్రీకువద్ద మార్గమును ఏడు కిలోమీటర్లు నీటి అడుగున సొరంగములో తీసికొనిపోవుటకు నిశ్చయించుటచే అచ్చటి పక్షుల ఆవాసము తప్పించుకొన్నది. చెట్టునకు, పక్షికి జరిగిన మార్పు చేనికేల జరుగరాదు? వాటి పక్షమున చట్టములు, అనుమతులు, అడుగువారు ముందునుండియే ఉండిరి. అంతే తేడా.

చట్టమునుగూర్చి మన రైతులలో కొన్ని అపోహలు ఉన్నవి. 2013 భూసేకరణ చట్టము రెండు పంటల మాగాణిని తప్పనిసరియైనగాని తీసికొనరాదని చెప్పుచున్నది. ఇది విని, మా భూమికి నీటి వసతి ఉన్నది గనుక భయము లేదనువారు కలరు. ఆ నిబంధన రైలుమార్గములు, రోడ్లు, కాలువలు వంటి పొడుగు పనులకు వర్తించదని అదే సెక్షనులో ఉన్నది. ప్రభావ అంచనా, గ్రామసభ సంప్రదింపు అనునవి మూల చట్టములో ఉన్నను, గుజరాతు 2016లోను, తెలంగాణ 2017లోను చేసికొన్న సవరణలవలన కొన్ని తరగతుల పనులను వానినుండి మినహాయించుటకు ప్రభుత్వమునకు అధికారము వచ్చినది. అభ్యంతరము చెప్పుకొనుటకు ఆ చట్టము క్రింద అరువది దినములు గడువు. రైల్వే చట్టము క్రింద ప్రత్యేక ప్రాజెక్టుగా తీసికొన్నచో ముప్పది దినములే. కోతల కాలములో ముప్పది దినములు ఎట్లు గడచునో రైతునకు చెప్పనక్కరలేదు. ఇట్టి మార్గములకు మినహాయింపును ఉపయోగింపక, గ్రామసభ ముందు గీతను పెట్టుటయే మంచిదని నా అభిప్రాయము. దానికి పట్టునది ఆరు నెలలు. కోర్టులో పోవునది అంతకంటె ఎక్కువ.

రికార్డుల సంగతి మన చేతిలోని పని. ప్రాథమిక ప్రకటన వెలువడిన నాటినుండి సేకరణ ముగియువరకు ఆ భూముల క్రయవిక్రయములు, తనఖాలు కలెక్టరు ప్రత్యేక అనుమతి లేనిదే చెల్లవు. భూమి రికార్డులను రెండు నెలలలో సరిచేయవలెనని చట్టము కలెక్టరునకు విధించినది. సాదా బైనామాతో కొన్న భూమి, తండ్రి పోయి ఇరువదియేండ్లైనను విరాసతు కాని భూమి, అన్నదమ్ములు నోటిమాటతో పంచుకొన్న భూమి, ఇవన్నియు రెండు నెలలలో సరియగునా? పరిహారము పట్టాలో పేరున్నవానికి పోవును. లేదా తగవు తేలువరకు డిపాజిటులో పడియుండును. 2025 ఏప్రిలులో భూభారతి చట్టము అమలులోనికి వచ్చి సవరణలకు దారి ఏర్పడినది. ఆ సెప్టెంబరులో గ్రామ పాలనాధికారులు ఊళ్లకు వచ్చిరి. జహీరాబాదు ప్రాంతములో ఈ పనిని వాయిదా వేయుట తగదు. అచ్చటనే న్యాల్‌కల్, ఝరాసంగము మండలములలో పారిశ్రామిక మండలము కొరకు భూసేకరణ జరిగియున్నది గనుక అచ్చటి రైతులకు ఇది కొత్త పాఠము కాదు.

ధర విషయములో ఒక చేదు నిజము చెప్పవలెను. మార్కెటు విలువను లెక్కించునప్పుడు సమీప గ్రామములో అంతకు ముందు మూడేండ్లలో రిజిస్టరైన దస్తావేజులను తీసి, ఎక్కువ ధర చూపిన సగము దస్తావేజుల సగటు కట్టుదురు. ఆ విలువను గ్రామీణ ప్రాంతములో ఒకటినుండి రెండువరకు గుణించి, దానికి సమానముగా నూటికి నూరు సొలేషియము కలుపుదురు. స్టాంపు ఖర్చు మిగులునని ఊరంతయు ఎకరమునకు లక్ష రూపాయలు తక్కువ వ్రాయించుకొన్నచో, పరిహారములో ఎకరమునకు రెండునుండి నాలుగు లక్షలు తరుగు పడును. అట్లని రైలు వచ్చుచున్నదని తెలిసి హెచ్చు ధరకు దొంగ దస్తావేజులు పుట్టించిన పనికిరాదు. నమ్మదగని ధరను కలెక్టరు తీసివేయవచ్చును. ఉన్న ధరను ఉన్నట్లు వ్రాయించుకొనువాడే ఇందులో తెలివైనవాడు.

కౌలుదారుల మాట ఎవరును ఎత్తరు. మూడేండ్లనుండి ఆ భూమిపై బ్రతుకుచున్న కౌలుదారు, పాలికాపు, వ్యవసాయ కూలీ కుటుంబములను బాధిత కుటుంబములుగా చట్టము గుర్తించినది. రుజువేది? ధరణి కాలములో అనుభవదారు గడియే లేకపోయెను. 2011 నాటి అధీకృత సాగుదారుల చట్టము క్రింద కార్డు పొందినవారు బహు కొద్దిమంది. పట్టాదారు తన భూమి పోవునేమో అని భయపడి కౌలు మాట కాగితముమీద పెట్టనీయడు. ఆ భయము అర్థము చేసికొనదగినదే. అయినను దాని ఫలితము కౌలు రైతుపై పడుచున్నది. పంటల నమోదుకు చేలకు పోవు వ్యవసాయ విస్తరణాధికారులు వాస్తవముగా సాగుచేయువాని పేరు కూడ వ్రాసికొన్నచో, అదియే రేపు అతనికి ఆధారము కాగలదు.

చీలిన కమతములకు పరిహారముతో పని తీరదు. విడదీయుటవలన కలిగిన నష్టమును లెక్కలో చేర్చవలెనని చట్టములో ఉన్నమాట నిజమే. కాని రూపాయలు తీసికొన్న పిమ్మటకూడ ఆ పదునైదు గుంటల ముక్క అవతలి వైపుననే ఉండును. ఫ్రాన్సు దేశములో 1962 చట్టమునుండి ఒక ఏర్పాటు కలదు. పెద్ద రోడ్డుగాని, రైలుమార్గముగాని పొలములను చీల్చినచో, ఆ గ్రామముల కమతములను తిరిగి కూర్చి పంచుటకు అగు ఖర్చును ఆ పని చేయించువారే భరింపవలెను. దారికి ఇటువైపు ముక్కలు ఇటువారికి, అటువైపువి అటువారికి చేరును. పంజాబు, హర్యానా, ఉత్తర ప్రదేశములలో కమతముల ఏకీకరణ జరిగినప్పుడు మనవైపు అది మాటలతోనే ఆగినది. ఊరంతయు కాకున్నను, రైలుదారికి ఇరువైపుల అర కిలోమీటరు మేర, రైతుల సమ్మతితో, రైలు ఖర్చుతో అట్టి ఏకీకరణ చేయించుట అసాధ్యము కాదు. దీనిని నివేదిక తయారగునప్పుడే అంచనాలలో చేర్చవలెను. తరువాత అడిగినచో నిధులు లేవందురు.

ఈ రైలువలన రైతునకు లాభమే లేదా? ఇది సరకులు మోయదు; జహీరాబాదు అల్లము బస్తా ఇందులో ఎక్కదు. కాని ప్రయాణికులలో కొందరు కొత్త మార్గమునకు మారినచో పాత పట్టాలమీద కొంత తెరపి దొరకును. 2020 ఆగస్టులో మొదలైన కిసాన్ రైళ్లలో నూరవది అదే ఏడు డిసెంబరు 28న షోలాపురము జిల్లా సాంగోలానుండి బెంగాలునకు పోయినది. అట్టి బండ్లకు వేళలు కేటాయింతుమని ముందే వ్రాతపూర్వకముగా హామీ పుచ్చుకొనవలెను. తెరపి దొరికిన పిమ్మట దానిని కోరుకొనువారు అనేకులుందురు.

గ్రామాధికారులు ఇందుకై ఎవరి ఉత్తరువు కొరకును ఎదురుచూడ నక్కరలేదు. ఊరి నక్షా ప్రతి ఒకటి తీసికొని, దానిమీద పారుచున్న బోర్లు, పాతిన పైపులు, బండ్ల బాటలు, మత్తడి నీరు పోవు దారి, ఇటీవలి వరదలు ఎక్కిన హద్దు గుర్తింపవలెను. వానాకాలమునకు ముందు రెండు దినముల పని. సర్పంచి, గ్రామ పాలనాధికారి, వ్యవసాయ విస్తరణాధికారి ముగ్గురు సంతకములు చేసి, గ్రామసభలో చదివి వినిపించి, ఒక ప్రతి తహసీల్దారునకు పంపి రసీదు పుచ్చుకొనవలెను. రైలు మార్గము మన ఊరినుండి పోకున్నను ఆ నక్షా వ్యర్థము కాదు. చెరువు మరమ్మతుకు, రోడ్డునకు పనికివచ్చును. రైల్వేవారి వంతుగా, ప్రకటనకు ముందే దారి గీతను సర్వే నంబరులతో తెలుగులో అచ్చువేయించి ప్రతి పంచాయతీ కార్యాలయము గోడకు తగిలించవలెను. కంప్యూటరులో ఉన్నది, చూచికొనుడనుట చాలదు.